మాలీ రాజుల బానిస సైనికులూ, మా సంఘం పత్రికా

ఇది రాసిపెట్టాల్సిన అవసరం పోయిన నెలలో వచ్చింది. మా తెలుగు సంఘం పాత సంచికలన్నీ స్కాన్ చేస్తున్న ఒకమ్మాయి ఫోన్ చేసింది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. మొదటి రోజుల నుంచీ ఉన్నవాణ్ణని నా నెంబరు ఎవరో ఇచ్చారట.

"అంకుల్, ఆ ఓల్డ్ ఇష్యూస్‌లో ఫాంట్ చాలా బాగుంది. అది ఏ సాఫ్ట్‌వేర్?" అని అడిగింది.

అది ఫాంటు కాదమ్మా, నా చెయ్యి అన్నాను. తర్వాత, మరి అన్నింట్లో మీరు రాసిన ఆర్టికల్ ఒక్కటీ లేదేం అంది. ఒకటి రాశాను, అచ్చు కాలేదు అన్నాను. దేని గురించి అంది. వందల ఏళ్ళ కిందట పడమటి ఆఫ్రికా రాజుల దగ్గర బానిసలుగా ఉంటూనే సైనికులుగా ఉన్నవాళ్ళ గురించి అన్నాను.

"వై?" అంది.

ఆ ఒక్క ముక్కకు ఫోన్లో జవాబు చెప్పలేకపోయాను. చెప్పకుండా పోతే, ఆ సంచికల్లో ఉన్నది ఏదో యంత్రం రాత అని మిగిలిపోతుంది. ఆ వ్యాసం ఉందన్న సంగతే ఎవరికీ తెలియదు. అందుకని రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయను. ఆ సైనికుల్లో ఒకరిద్దరివి తప్ప పేర్లు ఏ పుస్తకమూ చెప్పలేదు. వాళ్ళ గురించి రాస్తూ మా పేర్లు వేసుకోవడం నాకు బాగనిపించలేదు.

నేను పదకొండో తరగతితో చదువు ఆపినవాణ్ణి. గుంటూరు జిల్లాలో ఒక సబ్ రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో చాప వేసుకుని దస్తావేజులు రాసి బతికాను. స్టాంపు కాగితం మీద రాసేవాడికి చెయ్యి వణకకూడదు. ఎక్కడైనా మాట కొట్టేస్తే, ఏ పుటలో ఏ వరసలో ఏ మాట కొట్టేశామో ఆఖర్న రాయాలి. దాని కింద 'దస్తూరి' అని పెట్టి, రాసినవాడు తన పేరు రాసుకోవాలి. పొలం ఎవరిదైనా, రాత ఎవరిదో కాగితం చెప్పాలి. ఆ అలవాటు నాతోపాటు అమెరికా వచ్చింది.

నన్ను తెచ్చింది నా భార్య. ఆమె నర్సు. మిషన్ ఆసుపత్రిలో చదువుకుంది. డెబ్బైల చివర్లో ఆమెకు ఇక్కడ అరోరా అనే ఊళ్ళో ఆసుపత్రి ఉద్యోగం వస్తే వెనకాల నేను వచ్చాను. నాకొచ్చిన పని ఒక గిడ్డంగిలో పెట్టెలు కట్టడం. తెల్లవారుజామున ఐదింటికి మొదలై ఒంటిగంటన్నరకు అయిపోయేది. ఆమెది రెండున్నర నుంచి. మాకున్నది ఒక్క కారు. నేను వచ్చి తాళాలు ఆమె చేతిలో పెట్టి, ఆమె కోటు గుండీలు పెట్టుకుంటుంటే నాలుగు మాటలు మాట్లాడుకునే ఆ పావుగంటే మా కాపురం. ఆమె తిరిగి వచ్చేసరికి నేను నిద్రలో ఉండేవాణ్ణి. నేను లేచేసరికి ఆమె నిద్రలో ఉండేది. మిగతాదంతా ఫ్రిజ్ మీద అంటించిన చీటీలే. 'పప్పు రెండో అరలో ఉంది.' 'ఇంటి నుంచి ఉత్తరం వచ్చింది, మీ తమ్ముడు కులాసా.' 'ఆదివారం డ్యూటీ పడింది, చర్చికి మీరొక్కరే వెళ్ళండి.'

పిల్లలు లేరు. మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి దాకా ఆ అపార్ట్‌మెంట్‌లో నేనూ, హీటరు చప్పుడూ. అలా పది రోజులు చూసి, పదకొండో రోజున ఊరి లైబ్రరీకి నడుచుకుంటూ వెళ్ళాను. వెళ్ళింది చదవడానికి కాదు. అక్కడ మనుషులు ఉంటారని.

వాపసు వచ్చిన పుస్తకాలు పెట్టే తోపుడు బండి ఒకటి తలుపు దగ్గర ఉండేది. దాని మీద పైన ఉన్నది తీశాను. మధ్యలో ఒక బొమ్మ. గుర్రం మీద మనిషి. దూది పెట్టి కుట్టిన అంగీ మనిషికీ ఉంది, గుర్రానికీ ఉంది. చేతిలో బల్లెం. కింద, ఇతను రాజుగారి బానిస అని రాసి ఉంది.

తప్పు చదివానేమోనని డిక్షనరీ అడిగి తెచ్చుకున్నాను. తప్పు కాదు.

మా వైపు పాలేరు చెప్పులేసుకుని మోతుబరి ముందు నడిస్తేనే ఊళ్ళో మాట వచ్చేది. ఇక్కడ ఒక రాజు బానిసకు గుర్రం ఇచ్చాడు, బల్లెం ఇచ్చాడు, ఇచ్చి తన వీపు వెనకాల నిలబెట్టుకున్నాడు. ఎందుకు? వీడు పొడవడని ఆ రాజుకు ఏం ధైర్యం? ఆ ప్రశ్న నన్ను ఏడేళ్ళు వదల్లేదు.

గొప్ప కోసం చెప్పడం లేదుగానీ, ఆ ఏడేళ్ళలో నేను చదివినంత మా సంఘంలో డిగ్రీలున్నవాళ్ళు కూడా ఆ విషయం మీద చదివి ఉండరు. మా లైబ్రరీలో ఉన్నవి నాలుగు పుస్తకాలు. అవి అయిపోయాక అక్కడి లైబ్రేరియనమ్మ, జుట్టు పూర్తిగా నెరిసిన మనిషి, వేరే ఊళ్ళ నుంచి పుస్తకాలు తెప్పించవచ్చని చెప్పింది. గులాబీ రంగు చీటీ నింపాలి. మూడు నాలుగు వారాలకు పుస్తకం వచ్చేది. ఎక్కడెక్కడి యూనివర్సిటీల ముద్రలు ఉండేవి వాటి మీద. నేను వాటిని అట్ట వేసుకుని చదివేవాణ్ణి. ఆమె నన్ను ఎప్పుడూ ఎందుకు అని అడగలేదు. పుస్తకం వచ్చిన రోజు బల్ల కింద నుంచి తీసి, "యువర్ హార్సెస్ ఆర్ హియర్" అనేది. ఆ మాట వినడం కోసం వానలో కూడా వెళ్ళేవాణ్ణి. కొన్ని వారాల్లో నాతో ఎదురుగా మనిషి మాట్లాడిన మాట అదొక్కటే అయ్యేది.

చదివినకొద్దీ నాకు అర్థమైంది ఇది. ఆ రాజుకు భయం బయటి శత్రువంటే కాదు. తమ్ముళ్ళు, పినతండ్రులు, మేనల్లుళ్ళు. ఒక్కొక్కడి వెనక ఒక వంశం, ఆ వంశం వెనక ఊళ్ళు. సేనాపతి పదవి తమ్ముడికిస్తే తమ్ముడే రేపు సింహాసనం అడుగుతాడు. యుద్ధంలో పట్టుబడి, ఎక్కడో దూరాన్నుంచి వచ్చి, ఊరి భాష కూడా రాని మనిషికి వెనక ఎవరున్నారు? తినే తిండి రాజుది, ఎక్కిన గుర్రం రాజుది. చచ్చిపోతే డాలూ బల్లెమూ మళ్ళీ రాజువే. అందుకని కాపలా వాళ్ళకిచ్చారు. తర్వాత నది మీద పడవలు, ధాన్యం కొట్లు, పన్నుల వసూళ్ళు ఒక్కొక్కటే వాళ్ళ చేతికి వచ్చాయి. రైతును పొలంలోనే ఉండనిచ్చి, యుద్ధానికి ప్రత్యేకంగా మనుషుల్ని ఉంచుకోగలిగిన రాజు, కోతల కాలంలో కూడా యుద్ధానికి వెళ్ళగలడు. ఆ పడమటి ఆఫ్రికా రాజ్యాల్లో మాలీ అయినా, తర్వాత వచ్చిన సోంఘాయ్ అయినా అంత దూరం విస్తరించింది ఇలాంటి మనుషుల భుజాల మీదే.

ఇందులో మురిసిపోవడానికి ఏమీ లేదు. గుర్రాలు ఎడారి అవతల నుంచి వచ్చేవి. వాటికి బదులుగా మనుషుల్ని ఇచ్చేవాళ్ళు. అంటే ఆ బొమ్మలోని బానిస ఎక్కిన గుర్రం ఇంకెవరో బానిసల్ని ఇచ్చి తెచ్చింది. దాని మీద ఎక్కి అతను వెళ్ళేది ఇంకొందర్ని పట్టుకు రావడానికి. ఈ సంగతి తెలిసిన రోజు పుస్తకం మూసేసి, మా ఊరి నది ఒడ్డు దాకా నడిచి వెనక్కి వచ్చాను. ఎవరికైనా చెప్పాలనిపించింది. ఫ్రిజ్ మీద చీటీ రాశాను. మర్నాడు దాని కింద ఆమె రాత: 'ఆ గుర్రం సంగతి రోజంతా గుర్తొచ్చింది. పేషెంటుకి మందు ఇచ్చేటప్పుడు కూడా.'

సంఘం పత్రికలోకి నేను వచ్చింది వంటకాల వల్ల. అప్పట్లో ఉగాదికి ఒక స్కూలు భోజనశాల అద్దెకు తీసుకుని, ఇంటికో వంటకం తెచ్చుకునేవాళ్ళం. ఏ గిన్నెలో ఏముందో తెలియడానికి నన్ను చీటీలు రాయమన్నారు. పులిహోర, గుత్తి వంకాయ, బొబ్బట్లు అని రాసి గిన్నెల ముందు నిలబెట్టాను. సంఘం అధ్యక్షుడు ఒక డాక్టరు, పక్క ఊరు నేపర్‌విల్‌లో ఉండేవాడు. ఆయన పళ్ళెం పట్టుకుని వచ్చి, వడ్డించుకోవడం మానేసి ఆ చీటీలే చదువుకుంటూ బల్ల పొడుగునా నడిచాడు. ఇవి ఎవరు రాశారు అని అడిగాడు. అప్పటికి తెలుగు టైపురైటరు మాకు ఒక్కటే ఉండేది. అది కూడా 'ర' విరిగినది. ఆ రోజు నుంచి పత్రిక మొత్తం నా చేత్తో.

పని ఇలా ఉండేది. తెల్ల కాగితం మీద లేత నీలం పెన్సిల్‌తో వరసలు గీసేవాణ్ణి. ప్రింటింగ్ షాపు కెమెరాకు ఆ నీలం కనిపించదు. దాని మీద నల్ల సిరాతో రాసేవాణ్ణి. అధ్యక్షుడి సందేశం, కార్యదర్శి నివేదిక, కవితలు, పిల్లల పుట్టినరోజులు, చివర పేరుపేరునా కృతజ్ఞతలు. హాలు ఇచ్చినవారికి, పూలు తెచ్చినవారికి, మైకు సర్దినవారికి. మొదటి సంచిక ఆఖర్న, అలవాటు కొద్దీ, సన్నగా 'దస్తూరి' అని పెట్టి నా పేరు రాశాను. అచ్చయి వచ్చినప్పుడు అక్కడ తెల్లగా ఉంది. ఎవరో తప్పులు చెరిపే తెల్ల ద్రవం పూశారు. అడిగితే డాక్టరుగారు నవ్వి, అందరి పేర్లూ వేస్తే చోటు చాలదండీ అన్నాడు. రెండో సంచికలోనూ రాశాను. మళ్ళీ తెల్లబడింది. తర్వాత నేనూ రాస్తూ వచ్చాను, వాళ్ళూ పూస్తూ వచ్చారు. దాని గురించి ఇరువైపులా ఎవరూ మాట్లాడలేదు.

సభ్యుల చిరునామాల పుస్తకం కూడా నా దగ్గరే ఉండేది. కవర్ల మీద చిరునామాలు రాసేది నేనే కాబట్టి ఎవరు ఇల్లు మారినా నాకే చెప్పేవాళ్ళు. ఇల్లు మారిన సంగతి తప్ప ఇంకేమీ చెప్పేవాళ్ళు కాదు. రెండు వందల ఇళ్ళ తలుపు నెంబర్లు నాకు నోటికి వచ్చు. వాటిలో భోజనానికి పిలిచిన ఇళ్ళు రెండు.

నా వ్యాసం అచ్చు కావాలన్నది అప్పుడు నాకున్న ఒకే ఒక్క కోరిక. అది దాచుకోను. నలుగురిలో నేను పెట్టెలు కట్టేవాణ్ణి, నర్సుగారి భర్తని. పేరు కింద డిగ్రీ ఉన్నవాళ్ళ మధ్య, ఏడేళ్ళ చదువుకు నాకు సాక్ష్యం ఒక్కటి కావాలి. నాలుగు పేజీలు అడిగాను. డాక్టరుగారు కాదనలేదు. ఈ సంచిక అయిపోనివ్వండి అన్నాడు. మరుసటి ఏడు, పండగ సంచికలో బానిసల గురించి ఏం బాగుంటుందండీ అన్నాడు. ఆ మరుసటి ఏడు కార్యదర్శి, మనవాళ్ళకి ఆఫ్రికా దేనికండీ, కాకతీయుల మీద రాయకూడదూ అన్నాడు. కాకతీయుల మీద అప్పటికే ముగ్గురు రాశారు. ముగ్గురివీ నేనే రాసిచ్చాను.

ఎనభైల మధ్యలో సంఘం చీలింది. ఎందుకు చీలిందో ఎవరూ పైకి అనలేదు. ఎన్నికలు, నియమావళి, హాలు బుకింగ్ అన్నారు. ఎవరు ఎటు వెళ్ళారో చూస్తే ఎందుకో తెలిసిపోయేది. తమలో తాము వియ్యమందుకునేవాళ్ళు, ఒకరిద్దరు తప్ప, ఒకే వైపు పోగయ్యారు. డాక్టరుగారు ఒక వైపు, కార్యదర్శి రెండో వైపు. నేను మాత్రం రెండు లెక్కల్లోనూ లేను. చర్చికి వెళ్ళేవాణ్ణి నన్ను ఎటు వేసుకుంటారు?

ఒక ఆదివారం మధ్యాహ్నం డాక్టరుగారు ఇంటికి రమ్మన్నాడు. నేను వెళ్ళిన మొదటిసారి అది. కింద బేస్‌మెంట్‌లో కూర్చోబెట్టి, వాళ్ళావిడ చేత టీ ఇప్పించి, తలుపు వేశాడు.

"ఓపెన్‌గా చెప్తున్నానండీ. ఇప్పుడు నేను ఎవర్ని నమ్మాలో తెలీట్లేదు. మా తోడల్లుడే అటు వెళ్ళి కూర్చున్నాడు. మిమ్మల్ని నమ్ముతున్నానంటే, మీకు ఇక్కడ ఎవరూ లేరు. ఎవరి వైపూ కారు. అదే మీ ప్లస్ పాయింట్."

నాకు నవ్వొచ్చింది. ఏడేళ్ళుగా డిక్షనరీ పెట్టుకుని నేను చదువుతున్న సంగతిని ఒక మనిషి తెలుగులో, నా మొహం మీద, మెచ్చుకోలుగా చెప్పాడు. ఆయనకు ఆ సంగతి తెలియదు.

తర్వాత అసలు మాటకు వచ్చాడు. ఈ సంచిక వెంటనే రావాలి. అవతలివాళ్ళు తమ పత్రిక మొదలుపెట్టేలోపు ఇది రెండు వందల ఇళ్ళకూ చేరాలి. చిరునామాల పుస్తకం వాళ్ళకు ఇవ్వకూడదు. వాళ్ళకు రాసిపెట్టకూడదు.

"మీ ఆర్టికల్ వేసేద్దాం. నాలుగు పేజీలూ. నా మెసేజ్ తర్వాత మీదే. పేరు కూడా పెద్దగా వేద్దాం, సరేనా?"

సరే అన్నాను. ఆలోచించానని చెప్తే అబద్ధం. వెంటనే అన్నాను.

ఆ వారం అంతా మధ్యాహ్నాలు వంటింటి బల్ల దగ్గర కూర్చుని నా వ్యాసం నేను శుభ్రప్రతి రాసుకున్నాను. ఇన్నేళ్ళూ ఎవరెవరి మాటలకో పెట్టిన గుండ్రటి అక్షరాలు మొదటిసారి నా మాటలకు పెట్టాను. మాలీలో రాజకుటుంబపు బానిసగా ఉండి, విడుదలై, వారసులు బలహీనపడ్డప్పుడు తానే సింహాసనం ఎక్కినవాడి గురించి రాశాను. అతను రాజ్యాన్ని ఇంకా పెంచాడు. అతని తర్వాత మాత్రం గద్దె మళ్ళీ పాత వంశానికే పోయింది. సోంఘాయ్ ఆఖరి యుద్ధం గురించి రాశాను. ఉత్తరం నుంచి తుపాకులతో వచ్చినవాళ్ళ ముందు మిగతా సైన్యం చెదిరిపోతే, కొందరు పారిపోకుండా కాళ్ళు మడిచి కట్టేసుకుని, డాళ్ళ మీద కూర్చుని, చచ్చేదాకా బాణాలు వేశారట. వాళ్ళు బానిసలో కాదో పుస్తకాలు ఒక మాట మీద లేవు. నేను మాత్రం బానిసలే అని రాశాను. నాకు అలాగే కావాలి. ఎవరూ లేనివాళ్ళే అంత నమ్మకంగా ఉండగలరని వ్యాసం ముగించాను.

శుక్రవారం ఇచ్చెయ్యాలి. బుధవారం ఆ నాలుగు పేజీలూ బల్ల మీద పెట్టి, చదవమని ఆమెకు చీటీ పెట్టి పనికి వెళ్ళాను. నేను తిరిగి వచ్చేసరికి పక్కింటావిడ ఆమెను ముందే తీసుకెళ్ళిపోయింది, ఆసుపత్రిలో మనుషులు తక్కువై పిలిచారట. ఆ రోజు మా పావుగంట కూడా లేదు. ఫ్రిజ్ మీద చీటీ ఉంది.

'కూర రెండో అరలో ఉంది. మీ వ్యాసం చదివాను, రాత ముత్యాల్లా ఉంది. వాళ్ళకి ఎవరూ లేరని నాలుగు సార్లు రాశారు. పెళ్ళాలు లేరా? పిల్లలు లేరా? యుద్ధం నుంచి వస్తే అన్నం ఎవరు పెట్టారు?'

నాకు కోపం వచ్చింది. కిందనే రాశాను: 'పుస్తకాల్లో అలాగే ఉంది.' మర్నాడు దాని కింద ఇంకో వరస ఉంది: 'ఆ పుస్తకం రాజుగారి మనిషి రాసుంటాడు.'

గురువారం లైబ్రరీకి వెళ్ళాను. ఆమెది తప్పని చూపించడానికే వెళ్ళాను. లైబ్రేరియనమ్మ దగ్గర అప్పటికి నా కోసం తెప్పించిన పుస్తకాలు రెండున్నాయి. ముందే చదివినవే. ఈసారి ఒక్క సంగతి కోసమే వెతికాను. మూడు గంటలు పట్టింది. కనిపించింది. ముందే ఉంది అక్కడ. నేను దాటుకుని పోయాను. వాళ్ళకు భార్యలున్నారు. పిల్లలున్నారు. పుట్టిన పిల్లలు కూడా రాజువే అని లెక్క. కొడుకైతే సైన్యానికి, కూతురైతే కోటలోకి. నది ఒడ్డున రాజు పొలాల్లో ఊళ్ళకు ఊళ్ళే ఉన్నాయి అలాంటి కుటుంబాలతో. పాత చరిత్రలు రాసింది ఎక్కువగా రాజుల మంచి కోరిన పండితులే. మా ఆవిడ చెప్పినట్టే. 'ఎవరూ లేరు' అన్నది రాజు చూసిన చూపు. ఆయన లెక్కలో ఇంట్లో అన్నం పెట్టేవాళ్ళు ఎవరూ కాదు. అలా ఎవరూ కారన్నంతకాలమే ఆయన వాళ్ళకు వీపు తిప్పి నిశ్చింతగా నిలబడగలడు. నేను ఏడేళ్ళు చదివి, రాజు మాటనే అందంగా తిరగరాశాను.

ఇంకొకటి కూడా నాకు అక్కడే తట్టింది. బేస్‌మెంట్‌లో ఆయన నాకెవరూ లేరంటే నేను నవ్వానుగానీ, కాదనలేదు.

ఇంటికి వచ్చి మూడో పేజీ, నాలుగో పేజీ తీశాను. తిరిగి రాసే టైము లేదు. 'ఎవరూ లేని' అన్న చోటల్లా ఒక్క గీత గీసి కొట్టేశాను, కింద మాట కనిపించేటట్టు. డాళ్ళ మీద కూర్చున్నవాళ్ళు బానిసలని తేలలేదని పక్కన రాశాను. ఆఖర్న, దస్తావేజుల్లో లాగా, ఏ పుటలో ఏ వరసలో ఏం కొట్టేశానో రాశాను. తర్వాత చిరునామాల పుస్తకం ముందు పెట్టుకుని, రెండు వందల ఇళ్ళూ రెండు ప్రతులు రాశాను. చెయ్యి లాగేసింది.

శుక్రవారం ఒక ప్రతి కార్యదర్శి ఇంటి పోస్టు డబ్బాలో వేసి, రెండోదీ, సంచిక పేజీలూ పట్టుకుని డాక్టరుగారింటికి వెళ్ళాను. సంచికంతా మాట ప్రకారం పూర్తిగా రాశాను. చిరునామాల ప్రతి అటువాళ్ళకు కూడా ఇచ్చానని చెప్పాను. ఇల్లు మారినవాళ్ళు నాకు చెప్పింది అందరికీ చేరడానికే, ఒకరికి దాచిపెట్టడానికి కాదు అన్నాను. ఆయన అరవలేదు. నా వ్యాసం తీసి, కొట్టివేతలు చూసి బల్ల మీద పెట్టాడు.

"ఎవరు చెప్పారండీ ఇలా చెయ్యమని? అటువాళ్ళా?"

"మా ఆవిడ."

ఆయనకు అర్థం కాలేదు. "ఆవిడకేం పని ఇందులో?" అన్నాడు.

"మీరు నాకెవరూ లేరన్నారు. ఆవిడ ఉందండి," అన్నాను. వ్యాసం నాలుగు పేజీలూ తీసుకుని వచ్చేశాను. ఆయన మెట్ల దాకా వచ్చి, మనవాడివనుకున్నానయ్యా అన్నాడు. అంతకు ముందు ఎప్పుడూ అనలేదు.

సంచిక వచ్చింది. నా నాలుగు పేజీల చోట శుభాకాంక్షలు వేశారు. చివర దస్తూరి దగ్గర మామూలుగానే తెల్లగా ఉంది. కార్యదర్శి చిరునామాలకు థాంక్స్ చెప్పి ఫోన్ చేశాడు. అదే ఆఖరి ఫోను. రెండు వర్గాలూ తర్వాత పత్రికలు ఇండియాలో అచ్చు వేయించుకోవడం మొదలుపెట్టాయి. ఉగాదికి రెండు హాళ్ళు, రెండు కార్డులు. రెండూ నాకు రాలేదు. చిరునామాల్లో నాది రాయలేదు కదా నేను. రాయాలని తోచనే లేదు.

ఆ రోజుల్లోనే షిఫ్ట్ మార్చమని గిడ్డంగిలో అడిగాను. ఎనిమిది నెలలకు మధ్యాహ్నం షిఫ్ట్ ఇచ్చారు. అదే నెలలో ఆసుపత్రివాళ్ళు ఆమెను పొద్దుటి డ్యూటీకి మార్చారు. ఆమె కూడా అడిగిందట, నాకు చెప్పకుండా. ఫ్రిజ్ దగ్గర ఇద్దరం నిలబడి నవ్వాం. మా ఇద్దరి గడియారాలు కలవడానికి ఇంకా రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళు చీటీలు ఇంకా పొడుగయ్యాయి. ఆమె ఇప్పుడు పక్క గదిలో రేడియో వింటోంది. ఇద్దరికీ పని లేదు, చీటీలూ లేవు. ఒక్కోసారి అవి లేకపోవడం కూడా తెలుస్తూ ఉంటుంది.

వ్యాసాన్ని అప్పట్లోనే కొట్టివేతలతో సహా లైబ్రేరియనమ్మకు ఇచ్చాను. ఆమెకు తెలుగు ఒక్క ముక్క రాదు. కాగితాల మీద వేలు పెట్టి, ఇదేనా గుర్రాలు అని అడిగింది. అవునన్నాను. ఊరి వాళ్ళ కరపత్రాలు, పాత ఫోటోలు దాచే ఇనప బీరువాలో ఒక ఫోల్డరు చేసి, పైన ఏం రాయాలి అంది. సబ్జెక్టు ఇంగ్లీషులో చెప్పాను. ఆమె తన చేత్తో రాసింది. లోపల ఆఖరి పేజీలో 'దస్తూరి' కింద నా పేరు ఉంది. అక్కడ ఎవరూ తెల్ల ద్రవం పూయలేదు. పోయినేడు వెళ్ళి చూశాను. ఉంది. ఎవరూ తీసిన గుర్తు లేదు.

ఇలాంటి రాతల చివర పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాలి. ఆ పేజీ ఎన్నోసార్లు ఇతరుల కోసం రాశాను. నా కోసం ఇది మొదటిసారి. పేర్లు వద్దనుకున్నాను కాబట్టి చేసిన పనులతో చెప్తాను. గులాబీ చీటీలు నింపడం నేర్పిన లైబ్రేరియనమ్మకు. తమ పుస్తకాలు అట్టలు చినగకుండా నాకు పంపిన, నేనెన్నడూ చూడని దూరపు లైబ్రరీల వాళ్ళకు. లేత నీలం పెన్సిల్ వాడమని చెప్పిన ప్రింటింగ్ షాపు మనిషికి. ఆ శుక్రవారం కూడా నన్ను గుమ్మంలో నిలబెట్టకుండా టీ ఇచ్చిన డాక్టరుగారి భార్యకు. ఆ రోజు మా ఆవిణ్ణి ఆసుపత్రికి దింపిన పక్కింటావిడకు. ఫాంటు అనుకుని ఫోన్ చేసి, కాదని తెలిసి మళ్ళీ ఫోన్ చేసి, శనివారం కారులో లైబ్రరీకి తీసుకెళ్తానన్న అమ్మాయికి. అంత పొడుగు తెలుగు చదవడం తనకు రాదట, ఆ వ్యాసం నేను చదివి వినిపించాలట. చివరగా, యుద్ధం నుంచి వచ్చినవాడికి అన్నం ఎవరు పెట్టారని అడిగిన మనిషికి. కూర ఇప్పటికీ రెండో అరలోనే పెడుతుంది.